తవ్వని రోడ్డు

ముప్పై ఒక్క ఏండ్లు నీళ్ల బోర్డుల
నా పని వినుడు.
రాత్రి రెండు దాటినంక, మోజంజాహీ మార్కెట్ కాడ
ఐస్‌క్రీం దుకాణాల షట్టర్లు దిగి
ఆఖరి ఆటో గూడ దగ్గి దగ్గి ఊకున్నంక
ఇనుప కడ్డీ ఒక కొస వాల్వు మీద,
ఇంకో కొస నా చెవుల.

నాలుగడుగుల కింద
పోయే నీళ్ల చప్పుడు వేరే, కారే నీళ్ల చప్పుడు వేరే.
పోయేవి వాటి దారిన అవి పోతయి,
కారేవి చాడీలు చెప్తయి.
మా మేస్త్రి గౌస్ సాబ్ అనేటోడు:
"అనుమానం మీద తవ్వకు బేటా,
ఎంత మంచిగ అతికినా
తవ్విన జాగను వానకాలం గుర్తుపడతది."

నా లోపల లీకైనప్పుడు మాత్రం
నాకు వినవడలే.
ఏడు నెలలు నెత్తురు చూసుకుంట
మొలలే, మొలలే అని నాకు నేనే చెప్పుకున్న.
చంద్రకళకు గూడ చెప్పలే.
ఆ జాగకు మన తెలుగుల మంచి మాట లేదు,
ఉన్నయన్నీ తిట్లే.

రెడ్ హిల్స్ ఆస్పత్రిల ఇరవై ఎనిమిది సార్లు కరెంటు పెట్టిన్రు.
తుంటికి అటొకటి ఇటొకటి పచ్చబొట్టు చుక్కలు.
రోజూ లీటరు నీళ్లు తాగి, ఆపుకొని,
కదలకుంట పండుకోవాలె.
నీళ్ల బోర్డోనికి ఇది శిక్షనా, మర్యాదనా?
పొద్దుమాపు గోలీలు.
అరికాళ్లు పొరలు పొరలు లేచి
నున్నటి గచ్చు గూడ కంకర లెక్క గుచ్చింది.

అన్నీ అయినంక మళ్ల స్కానింగు,
మళ్ల గొట్టం, మళ్ల వేలు.
డాక్టర్ వసుంధరమ్మ కంప్యూటర్ల వెతికి వెతికి
"కనవడ్తలేదు" అన్నది.
లేదు అనలే.
కనవడ్తలేదు అన్నది.
ఆ రెండిటికి మధ్యనే గద నేను నౌకరీ చేసింది.

"కోస్తే పొట్ట మీద సంచి, బతికినన్ని దినాలు.
కొయ్యకుంటే కాపలా.
రెండేండ్లు మూడు నెలలకోసారి, తర్వాత ఆరు నెలలకు.
నలుగురిల ఒకరికి మళ్ల వస్తది.
వస్తే అప్పుడు కోద్దాం.
కానీ ఒక్క తారీఖు గూడ తప్పొద్దు."

బామ్మర్ది ఒప్పుకోలే.
"పాము పోయిందంటున్నరు గద,
మరి పుట్టనెందుకు ఉంచుడు?"
చంద్రకళ ఏమనలే.
గోడ మీది క్యాలెండర్ల మూడు కాగితాలు తిప్పి
ఆ తారీఖుకు పసుపు బొట్టు పెట్టింది.

నాలుగోసారి పోతే ఒక తెల్ల మచ్చ.
"మానిన మచ్చే అనిపిస్తుంది,
అయినా ఈసారి ఆరు వారాలకే రా."

ఆరు వారాలు.
ప్రతి పొద్దున బాత్రూముల రెండు లైట్లు వేసి చూసుడు.
ఒకనాడు ఎర్రగ కనవడి అక్కడనే కూలవడ్డ.
తలుపు అవతల నుంచి చంద్రకళ:
"నిన్న మాపు బీట్రూట్ కూర తిన్నవు."
ఇంక ఏం అనలే, కానీ
తలుపు కాడ్నుంచి పోలే గూడ.

నిన్న రాత్రి నిద్ర పట్టలే.
గొడుగు పట్టుకొని చిలకలగూడ చౌరస్తా దాక నడిచిన.
కడ్డీ ఆఫీసుల అప్పజెప్పి నాలుగేండ్లాయె,
గొడుగు మొనే వాల్వు మీద ఆనించి
పిడి మీద చెవి పెట్టిన.
పాల వ్యాను పిలగాడు పిచ్చోడనుకొని హారన్ కొట్టిండు.
వాడు పోయినంక
ఏ మంజీరనో, ఏ కృష్ణనో,
ఒక్క తీరుగ పోతున్నది.
ఏం లేకపోవుడు గూడ వినవడ్తదని
చెవి పెట్టనోళ్లకు ఎట్ల చెప్పాలె?
కానీ నా కడుపు మీద
నా చెవి నాకందదు.

పొద్దున ఎనిమిదింటికి ఎనిమా.
టోకెన్ నలభై రెండు.
పక్క కుర్చీల ఎవరో కొత్తాయన,
ఫైలును పసిపిల్ల లెక్క ఛాతీకి అదుముకొని
"మీది ఆపరేషన్ అయిందా?" అని అడిగిండు.

"లేదు," అన్న.
"వింటున్నరు."

ముప్పై ఎనిమిది పిలిచిన్రు.